అంబేద్కర్ స్మారక స్టాంపు నుంచి 16 పేజీల ఎగ్జిబిట్ దాకా: దొరకబట్టుడు, నానబెట్టుడు, దాచుడు, పేజీ కట్టుడు

ఏప్రిల్ 14 దగ్గరికి వచ్చిందంటే చాలు హనుమకొండ, కాజీపేట, జమ్మికుంట, పరకాల దిక్కు నుంచి టీచర్లు, పిల్లల తల్లిదండ్రులు, కొత్తగ స్టాంపులు మొదలుపెట్టినోళ్లు అడిగేవి అవే ప్రశ్నలు. అంబేద్కర్ స్టాంపు ఎక్కడ దొరుకుతది, పాత కవరు మీదికెళ్లి ఎట్ల ఊడదియ్యాలె, లామినేషన్ చేయించొచ్చా, స్కూల్ ఎగ్జిబిషన్‌ల ఎట్ల పెట్టాలె. ఒక్కొక్కరికి విడివిడిగ చెప్పే బదులు మొత్తం వరుసగ ఇక్కడ రాస్తున్న.

ఉదాహరణకు అంబేద్కర్ స్టాంపులు తీసుకున్న, కానీ ఇదే పద్ధతి గోఖలే (1966), ఫూలే (1977), కందుకూరి వీరేశలింగం (1974), మన బూర్గుల రామకృష్ణారావు (2000) స్టాంపులకు గూడ అట్లనే పనికొస్తది. ఒక్కటి మాత్రం ముందే చెప్త, వరుస మార్చొద్దు. చాలా మంది ముందు ఆల్బం కొంటరు, తర్వాత స్టాంపులు కుప్పలు తెస్తరు, చివరికి ఏది ఏందో తెల్వక ఆపేస్తరు. ముందు ఏది కావాలో తేల్చుకోవాలె, తర్వాత సామాను, ఆ తర్వాతనే స్టాంపు.

1. ఏ స్టాంపు కావాలో ముందుగాల రాస్కోండి

అంబేద్కర్ బొమ్మ ఉన్న ప్రతి స్టాంపు స్మారక స్టాంపు కాదు, ఇక్కడనే ఎక్కువ మంది గల్లంతయితరు. స్మారక స్టాంపు అంటే ఒక సందర్భానికి ఒక్కసారి అచ్చేసేది, స్టాక్ అయిపోతే అయిపోయినట్టే, మళ్ల వెయ్యరు. రోజువారీ స్టాంపు, అంటే డెఫినిటివ్, అవసరమైనప్పుడల్లా మళ్లమళ్ల అచ్చేస్తనే ఉంటరు, సైజు గూడ సాధారణంగ చిన్నగ ఉంటది. ఆధునిక భారత నిర్మాతల సిరీస్‌ల వచ్చిన చిన్న అంబేద్కర్ స్టాంపు డెఫినిటివ్. దాన్ని తీసుకొచ్చి స్మారక స్టాంపు అని పేజీ మీద రాస్తే ఎగ్జిబిషన్‌ల మార్కులేసే జడ్జి మొదటి చూపులనే పట్టుకుంటడు.

స్మారక స్టాంపులల్ల మొదలు వెతకాల్సినవి ఈ మూడు:

- 1966 ఏప్రిల్ 14, 15 పైసలు
- 1973 ఏప్రిల్ 14, 20 పైసలు
- 1991 ఏప్రిల్ 14, 1 రూపాయి, శతజయంతి సందర్భంగ వచ్చింది

పోస్టాఫీసోళ్లు మన ఫోటో పెట్టి ఇచ్చే మై స్టాంప్ అనేది ఇంకో జాతి. దాని మీద తాత ఫోటో ఉన్నా నాయకుని ఫోటో ఉన్నా అది స్మారక స్టాంపు లెక్కల రాదు, దాన్ని వేరే పేజీల పెట్టుకోండి.

విలువ చూసి గూడ కాలం పట్టొచ్చు. అణాలు, పైలు ఉంటే 1957 ఏప్రిల్ కంటే ముందుది. నయా పైసలు ఉంటే 1957 నుంచి 1964 మధ్యది. ఉత్త పైసలు ఉంటే ఆ తర్వాతది. 1966 అంబేద్కర్ స్టాంపు అని చెప్పి ఎవరన్నా నయా పైసల స్టాంపు చూపెడితే అక్కడనే ఆగిపోండి.

2. సామాను

దీనికి పెద్ద ఖర్చు లేదు, కానీ కొన్నింటికి బదులు వాడరాదు.

- స్టాంపు ట్వీజర్: కొన బల్లపరుపుగ, నున్నగ ఉండేది. కనుబొమ్మలకు వాడేది, ల్యాబ్‌ల వాడే మొనదేలింది వద్దు, కాయితం మీద గాటు పడ్తది.
- 10 రెట్లు పెద్దగ చూపెట్టే భూతద్దం
- పర్ఫొరేషన్ గేజ్, అంటే స్టాంపు అంచు చిల్లులు కొలిచే పట్టీ
- స్టాక్ బుక్, అంటే స్టాంపులు అంటించకుండ పట్టీలల్ల దూర్చి పెట్టుకునే పుస్తకం, నల్ల పేజీలది అయితే మంచిది
- తెల్ల బ్లాటింగ్ పేపర్
- వెడల్పు ప్లాస్టిక్ ట్రే లేకుంటే వంటింట్ల వాడని పళ్లెం
- హింజీలు (స్టాంపును పేజీకి అంటించే చిన్న బంక కాయితాలు), నల్ల వెనకభాగం ఉన్న మౌంట్లు (స్టాంపు లోపల పెట్టే పారదర్శక తొడుగులు)
- యాసిడ్ లేని మందం కాయితం, ఏ4 సైజు
- సిలికా జెల్ ప్యాకెట్లు

చేతుల గురించి ఒక మాట. ట్వీజర్ ఉన్నా గూడ చేతులు కడిగి పూర్తిగ ఆరినంకనే కూసోండి. కొబ్బరినూనె రాసుకున్న తలను ముట్టుకున్న వేళ్లతోటి మింట్ స్టాంపు, అంటే వాడని కొత్త స్టాంపు, వెనక బంకను పట్టుకుంటే ఆ వేలిముద్ర అట్లనే ఉండిపోతది, కొన్నేండ్లకు అక్కడ గోధుమరంగు మచ్చ తేలుతది.

3. ఎక్కడ దొరుకుతయి

కొత్తగ వచ్చే స్మారక స్టాంపులకు తేలికైన దారి ఫిలాటెలిక్ డిపాజిట్ అకౌంట్, అంటే స్టాంపులు సేకరించేటోళ్లకు పోస్టాఫీసుల ఉండే ఖాతా. కనీసం 200 రూపాయలు కట్టి తెరిస్తే మీరు రాసిచ్చిన ప్రకారం కొత్త స్టాంపులు, ఫస్ట్ డే కవర్లు (విడుదల రోజు ముద్ర కొట్టిన కవర్లు), బ్రోచర్లు (ఆ స్టాంపు వివరాల కాయితాలు) వచ్చినప్పుడల్లా ఆ డబ్బుల నుంచి కోసుకుని పంపుతరు. డబ్బులు అడుగంటినయంటే పంపుడు ఆగుతది, అందుకే అప్పుడప్పుడు నిల్వ చూసుకోవాలె. ఫారం నింపేటప్పుడు ఒక్కొక్క రకం ఎన్ని కావాలో స్పష్టంగ రాయండి. నా సలహా అయితే, ఒక్క స్టాంపు కాకుండ విడగొట్టని నాలుగు స్టాంపుల బ్లాక్, ఒక ఫస్ట్ డే కవరు, ఒక బ్రోచర్ పెట్టుకోండి. పేజీ కట్టేటప్పుడు ఈ మూడు లేకుంటే తర్వాత రెట్టింపు డబ్బులు పెట్టి వెతకాల్సి వస్తది.

మనకు దగ్గర్ల పెద్ద ఫిలాటెలిక్ బ్యూరో హైదరాబాద్ అబిడ్స్‌ల ఉన్న జీపీవోల ఉంది. వరంగల్ నుంచి పొద్దున రైలుకు పోయి సాయంత్రానికి తిరిగి రావొచ్చు. పోయే ముందు ఇక్కడి హెడ్ పోస్టాఫీసుల ఒకసారి అడగండి, ఒక్కోసారి పాత స్మారక స్టాంపుల షీట్లు కౌంటర్‌ల మిగిలి ఉంటయి, ముఖ విలువకే వస్తయి.

1966, 1973వి మాత్రం పోస్టాఫీసుల దొరకవు. డీలర్ల దగ్గర కొనాలె, లేకుంటే పాత ఉత్తరాలల్ల వెతకాలె. మన దిక్కు ఇదే బంగారు గని. సింగరేణి క్వార్టర్లకు ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు, అజంజాహి మిల్లుల పనిచేసినోళ్ల ఇండ్లల్ల ఇనుప సందూకల అడుగున ఉన్న కవర్లు, పాత బట్టల దుకాణాల ఖాతా పుస్తకాల నడుమ పెట్టిన బిల్లుల కవర్లు. పాత సామాను కొనేటోళ్లను ముందే అడిగిపెట్టుకోండి, తూకానికి పోయే ముందు కవర్లు పక్కన తీసిపెడ్తరు.

4. డబ్బులు ఇచ్చే ముందు చూడాల్సినవి

స్టాంపును ట్వీజర్‌తోటి పట్టి ముందు వెనక్కి తిప్పండి. అందరు బొమ్మ చూస్తరు, అసలు సంగతి వెనక ఉంటది.

- వెనక ఎక్కడన్న పల్చబడ్డదా? వెలుతురుకు ఎదురుగ పడితే పల్చటి చోటు కిటికీ లెక్క మెరుస్తది. హింజీ గుంజి పీకినప్పుడు కాయితం పొర లేచిపోతే ఇట్లయితది.
- నాలుగు మూలలల్ల పన్ను, అంటే చిల్లుల నడుమ మిగిలే అంచు మొన, విరిగిందా? మూల పన్ను లేకుంటే ధర బాగా పడిపోవాలె.
- బొమ్మ నాలుగు దిక్కుల తెల్ల అంచు సమానంగ ఉందా?
- మడత ఉందా? ముందునుంచి కనపడని మడత వెనక గీత లెక్క కనపడ్తది.
- మింట్ అని అమ్ముతుంటే బంక ఉందా, ఎక్కడన్న హింజీ గుర్తు ఉందా?
- చిన్న గోధుమరంగు చుక్కలు, అంటే తుప్పు మచ్చలు, పళ్ల చివర్లల్ల ఉన్నయా?

బంక మీద ఇంకొంచెం నిలబడాలె. కొందరు బంక పోయిన స్టాంపుకు మళ్ల కొత్త బంక పూసి మింట్ అని అమ్ముతరు. దాన్ని పట్టుకునే తీరు ఇదీ: భూతద్దం కింద పళ్ల చివర్లు చూడండి. స్టాంపు ముద్రించి, బంక పూసి, ఆ తర్వాత చిల్లులు కొడతరు గాబట్టి అసలు స్టాంపు పళ్ల చివర కాయితం నార మెత్తగ, నూగు లెక్క తెల్లగ లేచి ఉంటది. తర్వాత పూసిన బంక ఆ నార మీదికి ఎక్కి గట్టిపడి ఉంటది, వేలి మొనకు పళ్లు గరుకుగ తాకుతయి. ఒక్కసారి రెండు పక్కపక్కన పెట్టి చూసినోళ్లకు మళ్ల మోసం జరగదు.

పర్ఫొరేషన్ కొలిచేది గూడ నేర్చుకోండి. 2 సెంటీమీటర్లల్ల ఎన్ని చిల్లులు పడ్తయో అదే నంబరు. గేజ్ మీద స్టాంపును జరుపుకుంట పోతే గీతలు, పళ్లు కలిసే చోట ఆగుతది. అడ్డం, నిలువు వేర్వేరుగ ఉంటే అడ్డం లెక్క ముందు రాయాలె.

ఇంకోటి, కొత్తగ మొదలుపెట్టినోళ్లు 1948 గాంధీ 10 రూపాయల స్టాంపు జోలికి పోకండి. స్విట్జర్లాండ్‌ల అచ్చయిన ఆ స్టాంపుకు నకిలీలు విపరీతంగ తిరుగుతయి. సర్టిఫికెట్ లేకుండ ఎవరన్న చవకగ ఇస్తున్నరంటే అదే అనుమానానికి మొదటి కారణం.

5. కత్తెర పట్టే ముందు కవరు చదవండి

పాత కవరు చేతికి రాగానే స్టాంపు కత్తిరించేస్తరు, నాకు అన్నిటికంటె బాధ కలిగేది ఇదే. కవరు మీద స్టాంపుకు, విడి స్టాంపుకు చాలా తేడా ఉంది. 1966 అంబేద్కర్ విడి స్టాంపు వాడినది ఎక్కడైనా దొరుకుతది. అదే స్టాంపు అంటించి, వరంగల్ ముద్ర తారీఖుతో సహా చక్కగ పడి, వెనక ఇంకో ఊరి చేరిక ముద్ర ఉన్న పూర్తి కవరు దొరకదు. ఆ ఉత్తరం ఏ దారిన పోయిందో, ఎన్ని రోజులు పట్టిందో, ఆ కాలంల ఎంత ఖర్చయ్యిందో అన్నీ దాని మీదనే ఉంటయి.

కవరు కత్తిరించకుండ ఉంచాల్సిన సందర్భాలు:

- ముద్ర మీద ఊరు, తారీఖు చదవొస్తే
- స్టాంపు విడుదలైన రోజు లేకుంటే ఆ వారం ముద్ర ఉంటే
- చిన్న బ్రాంచి పోస్టాఫీసు, రైల్వే మెయిల్ ముద్ర ఉంటే
- రిజిస్టర్డ్ లేబుల్ గాని, "చిరునామాదారు లేరు" అనేటటువంటి రాతలు గాని ఉంటే
- కవరు లోపల ఉత్తరం ఉంటే, ఉత్తరం గూడ తియ్యకండి

వీటిల ఏది లేకుండ, సిరా మరకలు పడి, చినిగి, ముద్ర అలికిపోయి ఉంటే అప్పుడు కత్తిరించండి. స్టాంపు చుట్టూ ఒక సెంటీమీటర్ కాయితం వదిలి కోయండి, పళ్ల అంచున కత్తెర పెట్టొద్దు.

6. నానబెట్టుడు

ఇది తొందర పని కాదు. ఒక సాయంత్రం మొత్తం దీనికే పెట్టుకోండి.

నీళ్ల సంగతి ముందు. మన దిక్కు బోరు నీళ్లల్ల ఉప్పు ఎక్కువ, స్టాంపు ఆరినంక మీద తెల్లటి పొర మిగులుతది, అందుకే తాగే ఫిల్టర్ నీళ్లు వాడండి. ఎండకాలం మిద్దె మీది ట్యాంకుల నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లు మసులుతుంటయి, అవి అస్సలు పట్టొద్దు, వేడికి కొన్ని రంగులు దిగుతయి. చల్లటివి లేకుంటే గోరువెచ్చనివి, అంతే. సబ్బు, సర్ఫు, వెనిగర్ ఏదీ కలపొద్దు.

మెట్టు 1. ముక్కలను వేరు చెయ్యండి. తెల్ల కవరు ముక్కలు ఒకటి, ఖాకీ, రంగు కవర్లవి ఇంకొకటి. ఎర్ర, పచ్చ కవర్ల రంగు నీళ్లల్ల దిగి పక్క స్టాంపులన్నిటికి అంటుకుంటది. ఊదారంగు సిరాతో రాత ఉన్న ముక్కను ఒక్కదాన్నే వేరే గిన్నెల వెయ్యండి.

మెట్టు 2. బొమ్మ పైకి ఉండేటట్టు ముక్కను నీళ్ల మీద వదలండి. ముంచుడు, పిసుకుడు వద్దు. ఒక్కసారి పది, పన్నెండు ముక్కల కంటె ఎక్కువ వెయ్యొద్దు, ఒకదాని మీద ఒకటి పడితే లోపలివి తడవవు.

మెట్టు 3. 15 నుంచి 20 నిమిషాలు ఆగండి. కాయితం కిందికి మునిగి స్టాంపు దానంతటదే పాల మీద మీగడ లెక్క జారి పక్కకు వస్తది. జారకుంటే ఇంకో 10 నిమిషాలు ఇవ్వండి. ఒక్క మూల వదిలింది గదా అని గుంజితే వెనక పొర లేచి పల్చబడ్తది, పైన నాలుగో భాగంల చెప్పిన కిటికీ మెరుపు అట్లనే పుడ్తది.

మెట్టు 4. ఊడిన స్టాంపును ఇంకో గిన్నెల శుభ్రమైన నీళ్లల్లకు మార్చండి. వెనక వేలితో మెల్లగ తడిమితే ఇంకా జిగట ఉందా లేదా తెలుస్తది. జిగట పోయేదాక ఉంచండి, లేకుంటే ఆరేటప్పుడు బ్లాటింగ్ పేపర్‌కే అంటుకుపోతది.

మెట్టు 5. తడి స్టాంపు చాలా నాజూకు, ట్వీజర్‌తో అంచు పట్టి లేపకుండ, కింద వేలు పెట్టి లేపండి. బ్లాటింగ్ పేపర్ మీద బొమ్మ కిందికి పెట్టి ఆరబెట్టండి. పేపర్ అని న్యూస్‌పేపర్ పరవొద్దు, దాని సిరా స్టాంపుకు ఎక్కుతది. సీలింగ్ ఫ్యాన్ బంద్ చెయ్యండి, ఎండల పెట్టొద్దు.

మెట్టు 6. ఆరినంక స్టాంపు చుట్టుకుపోయి ఉంటది, భయపడొద్దు. రెండు కొత్త బ్లాటింగ్ పేపర్ల నడుమ పెట్టి మీద బరువైన పుస్తకం ఒక రాత్రి ఉంచితే సాపు అయితది. ఇస్త్రీ పెట్టె ముట్టుకోవద్దు.

స్టిక్కర్ లెక్క అంటుకునే రకం స్టాంపులు నీళ్లల్ల సరిగ ఊడవు. వాటిని చుట్టూ కాయితం చక్కగ కత్తిరించి అట్లనే పెట్టుకోండి, అది తప్పేం కాదు.

7. వానకాలం ఒకదానికొకటి అంటుకుంటే

మింట్ స్టాంపులు ఒకదాని మీద ఒకటి పెడితే వానకాలం చెమ్మకు బంక కరిగి అతుక్కుంటయి. నీళ్లల్ల వేస్తే విడిపోతయి గాని బంక మొత్తం పోతది, మింట్ విలువ గూడ పోతది. దానికి చెమ్మ డబ్బా పద్ధతి వాడాలె.

మూత గట్టిగ పట్టే ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున తడిపి పిండిన స్పాంజి పెట్టండి. దాని మీద చిన్న జాలి, టీ జల్లెడ బోర్లించినా సరిపోతది, ఆ జాలి మీద అతుక్కున్న స్టాంపులు పెట్టండి. స్టాంపుకు స్పాంజి తగలొద్దు, మూత నుంచి చుక్క రాలొద్దు, అందుకే మూత లోపలి దిక్కు ఒక బ్లాటింగ్ ముక్క అంటించండి. ప్రతి అరగంటకు ఒకసారి తీసి ట్వీజర్‌తో ఒక మూల మెల్లగ చూడండి. వదులైనట్టు అనిపించగానే విడదీసి, బంక పైకి ఉండేటట్టు ఆరబెట్టండి. రాత్రంతా వదిలేసి పండుకుంటే బంక మొత్తం ఉబ్బి జిగురు ముద్ద అయితది, బూజు గూడ పట్టొచ్చు.

8. ఆల్బంల పెట్టుడు

వాడిన స్టాంపుకు హింజీ సరిపోతది. హింజీని మూడింట ఒక వంతు మడిచి, చిన్న భాగం స్టాంపు వెనక పై అంచుకు కొంచెం కింద, పెద్ద భాగం పేజీకి. తడి తక్కువ పెట్టాలె. మింట్ స్టాంపుకు మాత్రం హింజీ ఎప్పుడూ వద్దు, మౌంట్ వాడండి, బంక ముట్టకుండ ఉంటది. మౌంట్ స్టాంపు కంటె నాలుగు దిక్కుల ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దగ కోయండి.

ఇవి మాత్రం ఎవరు చెప్పినా చెయ్యొద్దు:

- లామినేషన్. సర్టిఫికెట్లకు చేయిస్తరు గదా అని స్టాంపుకు చేయిస్తే దాని పని అక్కడితో అయిపోయింది. వేడికి బంక కరుగుతది, ప్లాస్టిక్ మళ్ల రాదు, ఏ ఎగ్జిబిషన్‌ల పనికిరాదు.
- ఫెవికాల్, సెల్లో టేపు. టేపు జిగురు కొన్నేండ్లకు పసుపచ్చగ మారి స్టాంపు ముందు దిక్కుకు దిగుతది.
- మెత్తగ ఉండి వాసన వచ్చే పీవీసీ కవర్లు.
- పెన్సిల్ తోనైనా సరే స్టాంపు వెనక రాసుడు. రాయాల్సింది పేజీ మీద రాయండి.

9. మన వాతావరణంల దాచుడు

మన దిక్కు ఎండ కంటె ఎక్కువ భయపడాల్సింది కూలర్‌కు. ఎండకాలం గదిల నీళ్ల కూలర్ రాత్రింబవళ్లు నడిస్తే గాలిల తేమ వానకాలం లెక్కనే ఉంటది, తలుపు సందులల్లకెళ్లి బీరువాలకు గూడ పోతది. ఆల్బంలు కూలర్ లేని గదిల పెట్టండి. బీరువాల అన్నిటికంటె కింది అరల పెట్టొద్దు, బయటి గోడకు ఆనిచ్చి ఉన్న అలమారల పెట్టొద్దు, నడుమ అర మంచిది.

ఆల్బంలను పుస్తకాల లెక్క నిలువుగ నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది ఆల్బంల బరువుకు బంక అతుక్కుంటది. అర మూలకు సిలికా జెల్ పెట్టి, రంగు మారినప్పుడు మార్చండి. కలరా ఉండలు ఆల్బం దగ్గర వద్దు, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తది. నెలకొకసారి తడి లేని పొద్దు చూసి పేజీలు తిప్పి గాలి తగలనియ్యండి, తుప్పు మచ్చ కనపడ్డ స్టాంపును వెంటనే వేరే కవర్ల పెట్టండి. ఆ మచ్చ పోగొడ్తమని బ్లీచ్ గిట్ల ఇంట్ల ప్రయోగాలు చేస్తే రంగు గూడ పోతది.

10. 16 పేజీల ఎగ్జిబిట్ కట్టుడు

ఎగ్జిబిట్ అంటే ఎగ్జిబిషన్‌ల పెట్టే మీ పేజీల సెట్టు. అక్కడ పేజీలు పెట్టే ఒక అద్దాల ఫ్రేముల ఏ4 పేజీలు 16 పడ్తయి. మొదటిసారి పెట్టేటోళ్లకు ఇదే సరైన సైజు.

పేజీ ముట్టుకునే ముందు ఒక సంగతి మనసుల పెట్టుకోండి. అంతర్జాతీయ పద్ధతిల సంప్రదాయ, థీమాటిక్ (ఒక అంశం మీద కట్టే) విభాగాలల్ల 100 మార్కులకు అలంకరణకు వచ్చేది 5 మాత్రమే. మిగతా అంతా కథ ఎట్ల నడిపినరు, ఎంత తెలుసు, సరుకు ఎంత అరుదు, ఎంత శుభ్రంగ ఉంది అనేదాని మీదనే. కాబట్టి రంగు బార్డర్లు, మెరుపు స్కెచ్ పెన్నులు, పూల స్టిక్కర్ల మీద పెట్టే టైం మొత్తం వాక్యాలు దిద్దే దాని మీద పెట్టండి. పేపర్ కటింగులు, గూగుల్ ఫోటోలు పెట్టొద్దు, ఇది తపాలా సరుకుతోటి చెప్పే కథ. తప్పనిసరై కవరు వెనక ముద్ర చూపాలంటే జిరాక్స్ పెట్టొచ్చు, కానీ అసలు సైజు కంటె కనీసం 25 శాతం తేడా ఉండాలె.

అంబేద్కర్ మీద అయితే నేను ఇట్ల నడుపుత:

పేజీ 1. పేరు, ప్లాన్. ఏ పేజీల ఏముందో ఇక్కడనే రాయాలె. జడ్జి ముందు ఇదే చదువుతడు.

పేజీలు 2 నుంచి 4. తనకు ముగ్గురు గురువులని అంబేద్కర్ చెప్పుకున్నరు, బుద్ధుడు, కబీర్, ఫూలే. ముగ్గురికీ మన దేశపు స్టాంపులున్నయి. కబీర్‌ది 1952ల వచ్చిన 9 పైల స్టాంపు, సాధువులు, కవుల సెట్టుల ఉంటది. బుద్ధ జయంతివి 1956ల రెండు, 2 అణాలు, 14 అణాలు. ఫూలేది 1977. ఇక్కడ మీ పని చూపించొచ్చు, ఎట్లంటే కబీర్ స్టాంపును బోర్లించి నల్ల పళ్లెం మీద పెడితే కాయితంల నక్షత్రాల వాటర్‌మార్క్, అంటే కాయితం తయారీలనే పడే గుర్తు, నీడ లెక్క కనపడ్తది, 1966 అంబేద్కర్ స్టాంపుల అశోక స్తంభం సింహాల వాటర్‌మార్క్ ఉంటది. ఈ తేడా రెండు లైన్లల్ల రాస్తే జ్ఞానం కింద మార్కులు పడ్తయి. చూడనీకి పెట్రోలు గిట్ల పొయ్యొద్దు, టేబుల్ లైటు వాలుగ పెడితే చాలు.

పేజీ 5. కొల్హాపూర్ సాహూ మహారాజ్, 1979 స్టాంపు. 1920ల అంబేద్కర్ పెట్టిన మూక్‌నాయక్ పత్రికకు మహారాజ్ అందించిన సాయం ఒక్క వాక్యంల.

పేజీలు 6 నుంచి 8. 1927 మహాడ్ చెరువు సత్యాగ్రహం, 1932 పూనా ఒప్పందం, తర్వాత రాజ్యాంగం. 1950 జనవరి 26న వచ్చిన రిపబ్లిక్ సెట్టు నాలుగు స్టాంపులు, 2, 3½, 4, 12 అణాలు, ఇక్కడ కూసుంటయి. రచనా కమిటీకి అధ్యక్షుడు అంబేద్కర్, రాజ్యాంగ సభకు అధ్యక్షుడు రాజేంద్ర ప్రసాద్, ఈ రెండు పదవులు కలిపి రాసే తప్పు స్కూల్ ఎగ్జిబిట్లల్ల ఎక్కువ కనపడ్తది, దిద్దుకోండి.

పేజీలు 9 నుంచి 13. ఇది గుండెకాయ, మొత్తం 1966 స్టాంపు మీదనే. ఒకటి మింట్ విడి స్టాంపు, ఒకటి నాలుగింటి బ్లాక్, షీటు అంచుతో ఉన్నదైతే ఇంకా మంచిది. తర్వాత ఫస్ట్ డే కవరు, బ్రోచర్. తర్వాత నిజంగ ఉత్తరం మీద వాడినవి. అందరూ ఫస్ట్ డే కవర్లతోటి పేజీలు నింపుతరు, అవి దాచిపెట్టుకోనీకి తయారైనయే. నిజంగ ఒక మనిషి ఇంకో మనిషికి రాసిన ఉత్తరం మీద ఆ స్టాంపు ఉంటే దాని బరువే వేరు, అట్లాంటిది ఒక్కటి దొరికినా దానికి పేజీ మొత్తం ఇవ్వండి.

పేజీ 14. 1973, 1991 స్టాంపులు.

పేజీ 15. మన దిక్కు. 1953ల ఉస్మానియా యూనివర్సిటీ అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, ఆ యూనివర్సిటీ స్వర్ణోత్సవ స్టాంపు 1969ల వచ్చింది, ఆ రెండింటిని కలిపే పేజీ ఇది. వరంగల్, కరీంనగర్ ముద్రలు పడ్డ అంబేద్కర్ స్టాంపులు గూడ ఇక్కడనే పెట్టండి. ఈ పేజీ హైదరాబాద్‌ల ఉన్నోళ్ల దగ్గర, ముంబైల ఉన్నోళ్ల దగ్గర ఉండదు.

పేజీ 16. డెఫినిటివ్‌లు, అవి డెఫినిటివ్‌లని స్పష్టంగ రాసి.

రాత గురించి: ఒక్కో స్టాంపు కింద రెండు, మూడు లైన్లు, అంతే. విడుదల తారీఖు, విలువ, పర్ఫొరేషన్, ఆ స్టాంపు ఈ కథల ఎందుకున్నది. "మహానుభావుడు" లాంటి పొగడ్తలు ఎన్ని రాసినా మార్కు రాదు, ఆయన చేసిన పని ఒక్కటి రాస్తే అదే చాలు.

11. పిల్లలు పెడ్తుంటే

6 నుంచి 9 తరగతుల పిల్లలకు పోస్టల్ శాఖ దీన్ దయాళ్ స్పర్శ్ యోజన అనే స్కాలర్‌షిప్ ఇస్తది, ఏడాదికి 6,000 రూపాయలు. దానికి క్విజ్, ఫిలాటెలీ ప్రాజెక్ట్ ఉంటయి, స్కూల్ల ఫిలాటెలీ క్లబ్ గాని, పిల్లల పేరు మీద డిపాజిట్ అకౌంట్ గాని ఉండాలె. కాబట్టి పిల్లల పేరు మీదనే అకౌంట్ తెరవండి, మీ పేరు మీద కాదు. ప్రాజెక్టు చిన్నగనే ఉంటది గాబట్టి పైన చెప్పిన 16 పేజీలల్లకెళ్లి గురువుల పేజీలు, 1966 పేజీ తీసుకుంటే సరిపోతది. రాత పిల్లలనే రాయనియ్యండి, చేతిరాత వంకర ఉన్నా ఏం కాదు.

12. ఎగ్జిబిషన్ నాడు

- ప్రతి పేజీని విడిగ పారదర్శక కవర్ల పెట్టి, కవరు వెనక మూలకు నంబరు రాయండి, పేజీ మీద కాదు.
- రెండు గట్టి అట్టల నడుమ పెట్టి కట్టండి, బస్సు డిక్కీల వెయ్యకుండ ఒడిల పెట్టుకుని పోండి.
- ఇంటి దగ్గర్నే ప్రతి పేజీ ఫోన్‌ల ఫోటో తీసుకోండి, స్టాంపులు లెక్కపెట్టి రాసి పెట్టుకోండి.
- ఫ్రేముల పేజీలు మీరే పెట్టండి, వరుస ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి.
- అద్దం మూసే ముందు ఒకసారి దూరం జరిగి చూడండి, ఏ పేజీ తలకిందులైనా అక్కడనే దొరుకుతది.
- అప్పజెప్పినట్టు రసీదు తీసుకోండి. వాపసు తీసుకునేటప్పుడు సంతకం పెట్టే ముందు ఫోటోలు చూసుకుంట 16 పేజీలు, అన్ని స్టాంపులు లెక్కపెట్టండి. హాలు ఖాళీ చేయాలని తొందర పెడ్తరు, అయినా లెక్క పూర్తయినంకనే సంతకం పెట్టండి.